నాగప్ప శెట్టి మోటారుకు తొడుగు కుట్టిన వైనం

కుట్టేవాడు, కోసేవాడు

తాడపత్రి కుట్టడం చాలా సులువు, ఎవరైనా కుట్టొచ్చు. ఈ మాట నా నోట విని సంతోషపడదామని వచ్చిన కుర్రవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసి హాయిగా ప్లాస్టిక్ పట్టాలు అమ్ముకోవచ్చు. మిగిలినవాళ్ళకు అసలు సంగతి చెప్తాను. కుట్టడం సులువే. గుడ్డను ఎంచడం కష్టం. ఎంచిన గుడ్డకు కత్తెర పెట్టడం ఇంకా కష్టం. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం. కోత తప్పితే ఏం చేస్తాం? తల గోక్కుంటాం.

ఆదోనిలో ఖాదర్ సాబు కొట్లో పనికి చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. అంతకుముందు పత్తి మిల్లులో గోతాలు కుట్టేవాణ్ణి. సాబు డేరాలు కుట్టేవాడు, బండ్ల గూళ్ళకు గుడ్డలు కుట్టేవాడు, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాడు. టార్పాలిన్‌నే మా వైపు తాడపత్రి అంటారు. కొట్లో పనివాళ్ళం నలుగురం. సూదులు నలుగురికీ ఉండేవి. కత్తెర మాత్రం ఒక్కటే, అది సాబుది. మూరెడు పొడుగు, పిడికి తోలు చుట్టిన ఇనుప కత్తెర. దాన్ని ముట్టుకుంటే సాబు ఊరుకునేవాడు కాదు.

ఆరేళ్ళు కుట్టాను. ఆరేళ్ళూ ఆ కత్తెర వైపే చూశాను. సాబు ఎవరి చేతికి కత్తెర ఇస్తే వాడే మేస్త్రీ. ఇవ్వకపోతే ముసలితనం దాకా కుట్టేవాడే. "నాకు ఆ కత్తెర కన్నా ఎక్కువైంది ఏదీ లేదు" అని ఒకసారి మా ఆవిడ ముందే నోరు జారాను. రెండు రోజులు నా జొన్నరొట్టెలు నేనే తట్టుకున్నాను. అవి ఏ ఆకారంలో వచ్చాయో అడక్కండి.

ఆ కొట్లో ఒక ఆచారం ఉండేది. కొత్త తాడపత్రిని నాలుగు గుంజలకు కట్టి, దాన్ని కోసినవాడు కింద కూర్చోవాలి. ఒళ్ళో పళ్ళెం నిండా బొరుగులు, అంటే మరమరాలు, పెట్టుకోవాలి. పైన ఇరవై బిందెల నీళ్ళు పోస్తారు. ఆ తర్వాత బొరుగులు నోట్లో వేసుకుంటే కరకరలాడాలి. కరకరలాడితే ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి కలిపి అందరం అక్కడే తినేస్తాం. మెత్తబడితే మాత్రం, కోసినవాడు తన ఇంటి నుంచి తాలింపు సామాను తెచ్చి అందరికీ ఉగ్గాని చేసి పెట్టాలి. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేస్తే ఉగ్గాని. "నానబెట్టే పని నీ గుడ్డ చేసింది, తాలింపు నువ్వెయ్" అనేవాడు సాబు. కోసేది ఆయనొక్కడే కాబట్టి కింద కూర్చునేదీ ఆయనే. నేనున్న ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఉగ్గాని చేసిన పాపాన పోలేదు.

శెట్టి, ఆయన మోటారు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాగప్ప శెట్టి ఆదోనిలో పత్తి వ్యాపారి. మనిషి నిలువు కన్నా అడ్డం ఎక్కువ, గొంతు ఆ రెండిటి కన్నా ఎక్కువ. ఆయన బజారులో దగ్గితే రైలుస్టేషన్లో జనం తిరిగి చూస్తారని చెప్పుకునేవాళ్ళు. బళ్ళారిలో ఒక దొర ఊరు వదిలి పోతూ తన చిన్న మోటారును అమ్మితే ఈయన కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే జాగా, వెనక పైకప్పు లేని తొట్టి. దొర ఆ తొట్టిలో వేటకుక్కల్ని తిప్పేవాడట. శెట్టి అందులో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పత్తి తెచ్చేవాడు.

పెట్రోలు దొరకని కాలం. అందుకని తొట్టి వెనక ఒక బొగ్గుల పొయ్యి బిగించారు. దాని పొగతో మోటారు నడిచేది. డ్రైవరు మద్దిలేటి మాటిమాటికీ దిగి పొయ్యికి గాలి కొట్టి మళ్ళీ ఎక్కేవాడు. "నేను డ్రైవర్నో వంటమనిషినో నాకే తెలుస్తల్యా" అని ఏడ్చేవాడు. శెట్టికి మాత్రం ఆ మోటారంటే పంచప్రాణాలు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు, కుంకుమ. ఎవరైనా "బాగుందప్పా మోటారు" అంటే చాలు, ఉప్పు, మిరపకాయలు తెప్పించి దిష్టి తీయించేవాడు.

ఆ ఏడు రెండుసార్లు దారిలో వాన పడి పత్తి తడిసింది. మిల్లు యజమాని శెట్టిని పిలిచి, ఇంకోసారి తడిపత్తి తెస్తే గేటు తెరవనని ఖండితంగా చెప్పేశాడు. శెట్టి నేరుగా సాబు దగ్గరికి వచ్చాడు.

"సాబూ, నా మోటారు తొట్టికి గుడ్డ గావాల. పదేండ్లు సినగగూడదు. సుక్క దిగగూడదు. సూస్తే కండ్లకు ఇంపుగా ఉండాల."

"కాన్వాసు యాడుంది శెట్టీ? అంతా మిల్ట్రీకి పోయింది. మామూలు గుడ్డే ఏదన్నా ఎంచుకోవాల," అన్నాడు సాబు.

సాబు అప్పుడే బళ్ళారి బయల్దేరుతున్నాడు. అక్కడి మిలిటరీ దండులో పాత డేరాలు బాగుచేసే పని, నెల రోజులు పడుతుంది. కాసేపు గడ్డం గోక్కొని నా వైపు తిరిగాడు.

"అరే ఈరన్నా, ఇది నువ్వు చెయ్. గుడ్డ నువ్వే ఎంచు. నువ్వే కొయ్. కత్తెర పెట్టి పోతాండా. ఇచ్చినా అనుకోవద్దు, పెట్టి పోతాండా. గుడ్డ మంచిగొస్తే అప్పుడు ఇస్తా. గుర్తు పెట్టుకో బేటా, మూడుసార్లు ఉతుకు, తర్వాత కొయ్, తర్వాత బొరుగులు. ఇందులో ఒక్కటి మర్చిపోయినా నీకు జిందగీ అంతా గోతాలే."

ఆయన సందు మలుపు తిరగగానే కత్తెర చేతిలోకి తీసుకున్నాను. అబ్బా, ఎంత బరువో! ఆ సాయంత్రం పని లేకపోయినా పాత కాగితాలు కోసుకుంటూ కూర్చున్నాను.

ఊరంతా సలహాలే

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు మొదట తెలుసుకోవలసింది: గుడ్డ గురించి తెలియనివాడు ఈ లోకంలో లేడు. పుట్టినప్పటి నుంచి కట్టుకుంటున్నారు కాబట్టి అందరికీ తెలుసని అందరి నమ్మకం. మీరు వినండి, తలూపండి, మీ పని మీరు చేసుకోండి. నేను తలూపడంతో ఆపకుండా వాళ్ళు చెప్పిందల్లా చేశాను.

మొదటి సలహా గోనె. చవక, గట్టి. కానీ నీళ్ళు తాగిన గోనెను తొట్టి మీద నుంచి దించడానికి నలుగురు కావాలి. నేను గోతాల దగ్గర నుంచే వచ్చాను కాబట్టి దాని గుణం నాకు తెలుసు. దాన్ని అక్కడికక్కడే కొట్టేశాను. నేను సొంత బుద్ధితో చేసిన పని అదొక్కటే.

రెండో సలహా నూనె గుడ్డ. అవిసె నూనె పట్టించి ఎండబెడితే చుక్క దిగదు, అది నిజమే. ఆ మాట మద్దిలేటి చెవిన పడింది. పొయ్యికి బొగ్గులు వేస్తున్నవాడు చేతిలో తట్ట కింద పడేసి వచ్చాడు.

"ఏమన్నా, నూనె గుడ్డ పక్కనే నిప్పుల పొయ్యా? నన్ను సావమంటే సెప్పు, బాయిలో దూకుతా. ఆడైతే సల్లగన్నా ఉంటాది."

వాడన్నదాంట్లో న్యాయముంది. ఎప్పుడైనా సరే, బండి మీద గుడ్డ వేసే ముందు ఆ బండిని నడిపేవాణ్ణి అడగండి. యజమాని అందం చూస్తాడు, నడిపేవాడు ప్రాణం చూసుకుంటాడు.

మూడో సలహా కంబళి. మద్దికెరలో ఉండే శెట్టి బావమరిది రెండు జతల నల్ల కంబళ్ళు పంపించాడు. గొర్రెలు కాసేవాళ్ళు వాన పడితే కంబళి ముసుగేసుకొని అలాగే నిలబడతారు కదా, మోటారుకు మాత్రం ఎందుకు పనికిరాదని వాళ్ళ వాదన. నాకూ సబబుగానే తోచింది. నాలుగూ కలిపి కుట్టి తొట్టి మీద కట్టాం.

ఎమ్మిగనూరు నుంచి తిరిగి వస్తుంటే సన్న జల్లు పడింది. నీళ్ళు దిగలేదు. కానీ తడిసిన కంబళి వాసన పైకి లేచింది, దానికి తోడు పొయ్యి వేడి. దారి పక్కన మేస్తున్న మందలో ముందు పొట్టేలు ఆ వాసన పట్టి మోటారు వెంట పడింది. మిగిలినవి గొర్రెలు కదా, కారణం అడగలేదు. మన మోటారు వేగం తెలిసిందే. మందంతా వెనకే, దాని వెనక కర్ర తిప్పుకుంటూ కాపరి. ముందు సీట్లో శెట్టి "ఉష్, ఉష్" అని అరిచినకొద్దీ అవి ఇంకా దగ్గరికి వచ్చేవి.

"ఏమప్పా శెట్టీ, పత్తి యాపారం సాలక గొర్రెల్ని మళ్ళిచ్చుకొని పోతాండావా?" అని కాపరి రెండు మైళ్ళు తిట్టుకుంటూ వచ్చాడు.

గొర్రెల సంగతి అలా ఉంచండి. తొట్టి విప్పి చూస్తే తెల్లటి పత్తి నిండా నల్ల బొచ్చు. మిల్లులో మనిషిని పెట్టి ఏరించడానికి మూడు రోజులు పట్టింది. పత్తి మీద ఉన్ని గుడ్డ ఎన్నడూ వేయకండి. తడిసిన పత్తి ఎండుతుంది, బొచ్చు పట్టిన పత్తి బాగుపడదు.

కొత్త గుడ్డకు పసుపు

చివరికి నేను ముందే అనుకున్న చోటికి వచ్చాం. ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ. అక్కడ తిప్పన్న అనే నేతగాడు, ఆయన భార్య లింగమ్మ. వాళ్ళు నేసేది పంచెలు, చీరలు. నేను పోయి, నూలు రెండు పోగులు కలిపి పేని, మగ్గం పలక గట్టిగా కొట్టి, సూది దూరనంత దట్టంగా నేయమన్నాను. యుద్ధంలో నూలు కరువు కాబట్టి శెట్టి ఎక్కడెక్కడో తిరిగి తానే తెప్పించి ఇచ్చాడు.

"నాకు నేసేది వస్తాది గానీ గోడ కట్టేది రాదప్పా," అని తిప్పన్న నవ్వాడు. అయినా నేశాడు. పోగులు తెగకుండా లింగమ్మ చిక్కటి జొన్నగంజి పట్టించింది. గుడ్డ చేతికి వచ్చినప్పుడు చూడాలి, నేల మీద నిలబెడితే నిలబడింది.

దాన్ని ఉతకడానికి మూట కడుతుండగా శెట్టి వచ్చాడు.

"యాడికి తీసకపోతాండావు?"

"ఉతకాలప్పా. సాబు మూడుసార్లు ఉతకమన్నాడు."

"కొత్త గుడ్డను ఉతికేదేందిరా? నీ పెండ్లికి పంచె ఉతికి కట్టినావా?"

"లేదప్పా. పసుపు పెట్టి కట్టినా."

"మరి నా మోటారు ఏం పాపం సేసింది?"

మూట కింద పెట్టాను. మన ఇళ్ళలో కొత్త బట్ట తడపకుండా, మూలలకు పసుపు పెట్టి కట్టుకోవడం పెద్దల నాటి నుంచి ఉన్నదే. ఆయనన్నది మర్యాదైన మాటలాగే వినిపించింది. పైగా ఆ గొంతు. నా మనసులో సాబు మాట ఒక పక్క లాగుతోంది, శెట్టి మాట ఒక పక్క లాగుతోంది. మధ్యే మార్గంగా నేనొక తెలివైన పని చేశాను. ముక్క కత్తిరించి చెంబు మూతికి కట్టి నీళ్ళు పోశాను. నీళ్ళు అలాగే నిలబడ్డాయి. గంట సేపు చూశాను. ఒక్క చుక్క దిగితే ఒట్టు. ఇరవై బిందెలు, బొరుగులు ఎందుకింక అనుకున్నాను.

నేను చేసిన తెలివైన పనులన్నిటిలో అంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. ఆ నీళ్ళను ఆపింది గుడ్డ కాదు, లింగమ్మ గంజి.

కోశాను. కర్ కర్ మని కత్తెర పోతుంటే నా ఒళ్ళు పులకరించింది. కుట్టాం. తొట్టికి అంగుళం కూడా ఎక్కువా తక్కువా కాకుండా సరిపోయింది. శెట్టి నాలుగు మూలలకూ పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కట్టించాడు. బజారంతా వచ్చి చూసి పోయింది. ఆ పూట నేను నడిచిన నడక చూసి మా ఆవిడ, "కాలు బెణికిందా?" అని అడిగింది.

రైలు గేటు దగ్గర

మరుసటి వారం పత్తి వేసుకొని మద్దిలేటీ నేనూ ఎమ్మిగనూరు నుంచి బయల్దేరాం. సగం దారిలో వాన. వాన అంటే మామూలు వాన కాదు. "పడనీ," అన్నాను నేను, కాలు మీద కాలేసుకొని.

కాసేపటికి వెనక టప్ మని చప్పుడు. తర్వాత ఇంకోటి. తొంగి చూస్తే, గుడ్డ ముడుచుకుంటోంది! తాళ్ళకు బిగించిన ఇత్తడి వలయాలు ఒక్కొక్కటే ఊడి ఎగిరిపోతున్నాయి. నిన్నటిదాకా తొట్టికి సరిపోయిన గుడ్డ పసిపిల్లాడి చెడ్డీ అంత అయింది. దాని అంచుల నుంచి తెల్లగా, చిక్కగా గంజి కారుతోంది. అది పత్తి మీదికి, పత్తి మీద నుంచి రోడ్డు మీదికి.

ఆదోని రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి వాన వెలిసింది, గేటు పడింది. మా వెనక ఎద్దుల బండి ఒకటి ఆగింది. ఎడమటి ఎద్దు ముందు ముట్టె సాచి వాసన చూసింది. తర్వాత నాకింది. తర్వాత రెండూ కలిసి మర్యాదగా నా తాడపత్రి తోక నమలడం మొదలుపెట్టాయి. నేను దిగి అదిలిస్తుంటే బండివాడు నన్నే కసిరాడు.

"ఆగన్నా, పొద్దున్నుంచి ఏమీ తినల్యా అవి. మంచి జొన్నగంజి, తాగనీ."

మిల్లు దగ్గర గేటు తెరవలేదు. అన్న మాట ప్రకారమే తెరవలేదు. శెట్టి అరిచిన అరుపు ఏ మాటలతో రాయను? పాపం ఆ పత్తిని ఇంటి మిద్దె మీద ఆరబెట్టుకున్నాడు. గంజి అంటుకున్న పత్తి ఎండితే అప్పడాల్లా పెళుసెక్కుతుందని ఆదోనిలో మొదట తెలుసుకున్నవాడు ఆయనే.

ఉగ్గాని

సాబు బళ్ళారి నుంచి వచ్చాడు. నన్ను తిట్టలేదు. అదే నాకు భయం వేసింది. మిగిలిన ముక్కను పరిచి, జానలతో కొలిచాడు.

"ఉతికినావా?"

"శెట్టి వద్దన్నాడు సాబ్."

"మోటారు శెట్టిది. గుడ్డ ఎవరిది?"

నేను ఆ ముక్కను మడవబోయాను.

"గుడ్డ సంగతి శెట్టిని అడిగి చేస్తావా? పత్తి సంగతి శెట్టి నిన్ను అడుగుతాడా? ఇట్లా తే కత్తెర."

ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, నిజంగా. బొరుగుల పరీక్ష జరక్కపోయినా ఆచారం ఆచారమే కాబట్టి ఇంటికి పోయి సామాను తెచ్చి, కన్నీళ్ళు ఉల్లిగడ్డల మీదికి నెట్టేసి, అందరికీ ఉగ్గాని చేశాను. వాసనకు శెట్టి కూడా వచ్చాడు. ముద్ద ముద్దకూ నన్ను తిడుతూ రెండు పళ్ళేలు తిన్నాడు. తిని చెయ్యి కడుక్కొని, "తాలింపు బాగుంది, ముండాకొడుకు గుడ్డ సంగతి వదిలి దీంట్లో దిగింటే బతికిపోయుండేవాడు," అన్నాడు.

ఆ పొగడ్త నాకు ఇంకా కాలింది. "ఒక్కసారి, సాబ్. ఇంకొక్కసారి," అన్నాను.

సాబు చాలాసేపు నమిలాడు. "కత్తెర మళ్ళీ పెట్టి పోయినా అనుకో. ఈసారి తడిస్తే కత్తెర లేదు, సూది గూడ లేదు. మిల్లు గోతాలకాడికి పో."

"మిల్లోడు గూడ నాకు సెప్పేసినాడు, ఇదే ఆఖరు సారి అని," అన్నాడు శెట్టి. "మనిద్దరిదీ ఒకే కతరా ఈరన్నా."

మాధవరం రేవు

తిప్పన్న మళ్ళీ నేశాడు. జరిగింది విని లింగమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. "మా గంజి నూలుకప్పా. మగ్గం దిగినాక దాని పని ఐపోయింది. ఆ మాట ఒక్కటి మమ్మల్ని అడిగింటే సెప్పకపోదుమా?" అంది. అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

గుడ్డను బండి మీద వేసుకొని మాధవరం పోయాను. తుంగభద్ర రేవులో చాకళ్ళతో పాటు నేనూ నీళ్ళలో దిగి ఉతికాను. మొదటి ఉతుకుకు నది తెల్లబారింది, చేపలు పండగ చేసుకున్నాయి. ఆరబెట్టి, ముడులు వేసిన తాడుతో కొలిచాను. బాగా తగ్గింది. రెండో ఉతుకుకు ఇంకాస్త. మూడో ఉతుకుకు కొలిస్తే తాడు ముడి ముడికీ సరిపోయింది. ఇక తగ్గదని గుడ్డే చెప్పేవరకు ఉతకాలి. మూడుసార్లు అన్నది సాబు లెక్క. మీ గుడ్డ నాలుగు అడిగితే నాలుగు.

నూనె పనికిరాదు కాబట్టి సాబు చెప్పినట్టు సబ్బు కరిగించిన నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ పటిక కరిగించిన నీళ్ళలో ముంచి, నీడలో ఆరేశాను. ఆరాక నీళ్ళు చిలకరిస్తే తామరాకు మీద లాగా పొర్లిపోయాయి. అప్పుడు కోశాను. ఈసారి తొట్టి కన్నా చుట్టూ మూరెడు వదిలి కోశాను. అతుకుల మడతలన్నీ వెనక్కి వాలేట్టు పెట్టాను, పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు. ఇత్తడి వలయాల కింద తోలు ముక్కలు వేశాను. పొయ్యి వైపు అంచుకు రెండో పొర వేశాను. ఎవరినీ సలహా అడగలేదు. శెట్టి వచ్చి ఏదో అనబోతే, "గుడ్డ నాది" అన్నాను. అన్నాక రెండడుగులు వెనక్కి వేశాను, అది వేరే సంగతి.

తొట్టిలో శెట్టి

సాబు బిందెలు తెప్పించబోతే శెట్టి అడ్డుపడ్డాడు.

"బిందెలొద్దు, నీ గుంజలొద్దు. సెంబులో నిలబడిన నీళ్ళను నమ్మి ఒగసారి మునిగినా. ఈసారి పత్తి వేసి, నేనే తొట్టిలో కూసుంటా. నిజం వానలో. బొరుగులు నా ఒళ్ళో పెట్టండి."

వాన కావాలి. మా సీమలో వాన కోసం కాచుకోవడమంటే తెలుసు కదా. నాలుగు రోజులు పత్తి నింపిన మోటారు పక్కన, ఎమ్మిగనూరులో, శెట్టి పళ్ళెం పట్టుకొని ఆకాశం చూశాడు. కాచుకొని కాచుకొని రోజూ ఆ బొరుగులు తినేసేవాడు. అయిదో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కొత్త బొరుగులతో శెట్టిని పత్తి మీదికి ఎక్కించడానికి ముగ్గురం తోశాం. చుట్టూ తాళ్ళు బిగించి కట్టాను. చెయ్యి దూరే సందు కూడా వదల్లేదు. ముందు సీట్లో మద్దిలేటీ నేనూ.

వాన దంచింది. మోటారు చప్పుడు, వాన చప్పుడు. మధ్యలో వెనక నుంచి దబదబమని ఏదో కొట్టుకుంది. "సక్రం వదులైనట్టుంది," అన్నాడు మద్దిలేటి. ఆపితే పొయ్యి చల్లారుతుందని ఆపలేదు. నేను కళ్ళు మూసుకొని ఊరుకుంద ఈరన్న స్వామిని మొక్కుకుంటూ కూర్చున్నాను.

మిల్లు గేటు దగ్గర సాబు గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. యజమాని లోపలి వైపు నిలబడి ఉన్నాడు. తాళ్ళు విప్పాను. శెట్టి లేచాడు. నెత్తి నుంచి పంచె దాకా మనిషి ముద్దగా తడిసిపోయాడు.  ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, శెట్టి మాట్లాడకపోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. పళ్ళెం నా చేతిలో పెట్టి, కిందికి దూకి, పంచె ఎగ్గట్టుకొని మిల్లు గోడ వెనక్కి పరుగెత్తాడు.

పళ్ళెంలో చెయ్యి పెట్టాను. మెత్తగా ఉన్నాయి బొరుగులు.

"అన్నా," అన్నాడు మద్దిలేటి మెల్లగా, "తాలింపు సామాను తెమ్మంటావా?"

 ఆరేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. సాబు వచ్చి రెండు బొరుగులు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మళ్ళీ రెండు వేసుకున్నాడు.

"ఉప్పగుంది," అన్నాడు. "వాన ఎప్పటినుంచిరా ఉప్పగైంది?"

గొడుగు పడేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా పత్తిలోకి దూర్చాడు. ఒక మూల, ఇంకో మూల, అడుగున. చెయ్యి బయటికి తీసి యజమాని ముందు చాపాడు. ముంజేతికి పొడి పింజలు తెల్లగా అంటుకొని ఉన్నాయి. యజమాని వాటిని ఊదితే ఎగిరిపోయాయి.

అప్పటికి శెట్టి గోడ వెనక నుంచి, ముఖం తేటపడి, గొంతు తిరిగొచ్చి, నింపాదిగా వచ్చాడు.

"సగం దారిలో ఒంటికి వచ్చిందిరా నాకు! ఆపండి ఆపండి అని గొంతు సినిగేట్టు అరిసినా. కాల్లతో తన్నినా. సుక్క రాల్యా, గాలి రాల్యా, నా సెమటలో నేనే ఉడికిపోయినా. ఒరే ఈరన్నా, నా కేక ఎమ్మిగనూరు సంతలో కొడితే ఆదోనిలో ఇనపడతాది. ఆ కేక నీ గుడ్డ దాటి ముందు సీటుకు రాల్యా! వాన యాడ దిగుతాదిరా దాంట్లో?"

యజమాని నవ్వు ఆపుకోలేక గేటుకు ఆనుకున్నాడు. ఆనుకుంటే అది తెరుచుకుంది. మద్దిలేటి మోటారు లోపలికి పోనిచ్చాడు.

చిన్నవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. నా గుడ్డ మంచిదే, నేను కట్టిన కట్టు తప్పు. గాలి వాలుకు వెనక ఒక మూల జానెడు వదులు ఉంచి కట్టాలి. లోపల మనిషి లేకపోయినా సరుకు ఊపిరి పీల్చుకోవాలి. తర్వాత జీవితమంతా అలాగే కట్టాను.

కోత

మరునాడు పొద్దున కొట్టుకు పోయాను. సాబు పెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక మడత తీశాడు. యుద్ధానికి ముందు వచ్చిన అసలు కాన్వాసు, మూడు గజాలు. తొట్టికి చాలదు, దేనికీ చాలదు, అయినా ఎంతమంది అడిగినా ఇవ్వకుండా దాచాడట. నాకు దాని సంగతే తెలియదు. నేల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇస్తాండా," అన్నాడు. "పెట్టి పోతల్యా. ఇస్తాండా. కొయ్."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. గీత కనపడితే కదా కోయడానికి! భుజంతో కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ ఈ చివర నుంచి ఆ చివర దాకా కోశాను. లేచి చూస్తే కోత పాము పోయినట్టు పోయింది. ఈ జిల్లాలోనే మిగిలిందో లేదో తెలియని కాన్వాసును బెత్తెడు వంకర కోసిపెట్టాను.

సాబు చూశాడు. నా కుట్టు వెంట్రుకవాసి తప్పినా ఆయన తిట్టని రోజు లేదు ఆరేళ్ళలో. వంకర వెంట వేలు పెట్టి ఆ చివర దాకా పోయాడు, మళ్ళీ ఈ చివర దాకా వచ్చాడు. నోరు తెరిచాడు. మూశాడు. 

"నా మొదటిది ఇంకా వంకర పోయింది," అన్నాడు, బయటికి పోతూ.